తిండి ఆగినా ఇన్సులిన్ ఆగకూడదు: టైప్ వన్ పిల్లలకు జ్వరం, వాంతులు వచ్చిన రోజు

లంఖణం పరమౌషధం అన్న మాట కృష్ణా, గుంటూరు ఇళ్లలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. పిల్లాడికి ఒళ్లు వెచ్చబడితే అన్నం మాన్పిస్తారు, మిరియాల చారో బార్లీ నీళ్లో పట్టించి పడుకోబెడతారు. మామూలు పిల్లలకు ఒకటి రెండు పూటలు అలా గడిచినా పోయేదేమీ లేదు. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాని టైప్ వన్ డయాబెటిస్ ఉన్న పిల్లల ఇంట్లో మాత్రం ఆ వెనకే ఇంకో మాట వస్తుంది: "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదుగా, ఇప్పుడు ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోదూ?" అడిగేది ప్రేమతోనే. తినకుండా ఇన్సులిన్ వేయొద్దని ఆసుపత్రిలో చెప్పి పంపించి ఉంటారు కూడా. అయితే ఆ జాగ్రత్త బాగున్న రోజు కోసం చెప్పింది. జ్వరం రోజున కూడా దాన్నే పట్టుకుని సూది మానేస్తే, కొన్ని గంటల్లోనో మర్నాటికో బిడ్డ కీటోఎసిడోసిస్‌లోకి, అంటే రక్తంలో ఆమ్లం పేరుకుని ప్రాణం మీదికి తెచ్చే స్థితిలోకి, జారిపోవచ్చు.

ఇన్సులిన్ పని తిన్న అన్నం సంగతి చూసుకోవడం ఒక్కటే కాదు. ఏమీ తినకపోయినా కాలేయం తనంతట తాను చక్కెర తయారు చేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచేది ఇన్సులిన్. ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లుగా మారకుండా ఆపేదీ ఇన్సులినే. ఈ రెండు పనులకు పగలూ రాత్రీ కొంత ఇన్సులిన్ ఉండి తీరాలి. దీనికి తోడు జ్వరం వచ్చినప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. ఇవన్నీ ఇన్సులిన్‌కు ఎదురు పనిచేసేవే. అందుకే తిండి సగానికి పడిపోయినా ఇన్సులిన్ అవసరం తగ్గకపోగా పెరగొచ్చు. ఇది అర్థమైతే మిగతా లెక్కలన్నీ తేలిగ్గా పట్టుబడతాయి.

కీటోన్లు ఆమ్లాలు. అవి పేరుకుంటే కడుపులో తిప్పుతుంది, నొప్పి వస్తుంది, వాంతులు మొదలవుతాయి. వాంతులతో ఒంట్లో నీరు పోతుంది, షుగర్ ఎక్కువైతే మూత్రంలోనూ పోతుంది. నీరు తగ్గేకొద్దీ కీటోన్లు ఇంకా చిక్కబడతాయి. ఆమ్లాన్ని బయటికి పంపడానికి పిల్లాడు పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా, వేగంగా ఊపిరి తీస్తాడు. నోటి దగ్గర బాగా మగ్గిన పండు వాసన వస్తుంది, గోళ్ల రంగు తుడిచే మందు వాసనలా అనిపించిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఈ దశలో చాలామంది "గ్యాస్ పట్టింది", "నిన్న తిన్నది పడలేదు", "ఆయాసం" అనుకుని ఆ మందులు వాడుతూ పూట గడిపేస్తారు. టైప్ వన్ పిల్లాడికి వాంతి అయిందంటే, కీటోన్లు చూసి లేవని తేలేదాకా అది కీటోన్ల వల్లేనని అనుకోవాలి.

కీటోన్లు చూడటం ఎలా

షుగర్ మీటరు లేని టైప్ వన్ ఇల్లు ఇప్పుడు అరుదు. కీటోన్ స్ట్రిప్ ఉన్న ఇల్లే అరుదు. గుంటూరు కొత్తపేటలో గానీ, విజయవాడ సూర్యారావుపేటలో గానీ ఆసుపత్రుల చుట్టూ ఉన్న పెద్ద మందుల షాపుల్లో అడిగితే దొరికే అవకాశం ఎక్కువ, లేదంటే తెప్పించమని చెప్పాలి. అర్ధరాత్రి పిల్లాడికి వాంతులవుతుంటే వెతుక్కునే వస్తువు కాదది.

మూత్రంతో చూసేవి కీటో-డయాస్టిక్స్ లాంటి స్ట్రిప్‌లు. ఒక గడి చక్కెరకు, ఒక గడి కీటోన్లకు. స్ట్రిప్‌ను మూత్రంలో ముంచి తీసి, అంచును గిన్నెకు తట్టి, సరిగ్గా 15 సెకన్లకు కీటోన్ గడిని సీసా మీది రంగులతో పోల్చాలి. చక్కెర గడికి 30 సెకన్లు. రెండు నిమిషాలు ఆగి చూస్తే రంగు ముదిరి లేని భయం పుడుతుంది. లేత గోధుమ రంగు అంటే లేవని, గులాబీ అంటే మొదలయ్యాయని, ముదురు వంకాయ రంగు అంటే బాగా ఎక్కువని. గంటల తరబడి తిత్తిలో నిలవున్న మూత్రం పాత సంగతే చెబుతుంది. వీలైతే ఒకసారి పోయించి, అరగంట తర్వాత వచ్చిన మూత్రంతో చూడటం నయం. సీసా మూత తీసి పెడితే కోస్తా చెమ్మకు స్ట్రిప్‌లు చెడిపోతాయి. లోపలి చిన్న పొట్లం పారేయకూడదు, తెరిచిన తేదీ సీసా మీద రాయాలి, ఆరు నెలలు దాటితే కొత్తది కొనాలి.

రక్తంలో కీటోన్లు చూసే మీటర్లు వేరు. వాటి స్ట్రిప్‌ల ఖరీదు ఎక్కువే. అయినా అవకాశం ఉన్నవాళ్లు ఇవే పెట్టుకోవాలి. మూత్రం స్ట్రిప్ పట్టుకునేది ఎసిటోఎసిటేట్ అనే కీటోన్‌ను. ప్రమాదం ముదిరేటప్పుడు రక్తంలో ఎక్కువగా పెరిగేది బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్, అది మూత్రం స్ట్రిప్‌కు కనపడదు. తిరిగి కోలుకునేటప్పుడు ఇదే ఎసిటోఎసిటేట్‌గా మారుతుంది కాబట్టి, పిల్లాడు బాగుపడుతున్నా స్ట్రిప్ కొన్ని గంటలపాటు వంకాయ రంగులోనే ఉంటుంది. అది చూసి బెదిరి ఇన్సులిన్ మీద ఇన్సులిన్ వేసేసి షుగర్ పడగొట్టుకున్న ఇళ్లున్నాయి.

రక్తం మీటరులో 0.6 మిల్లీమోల్ లోపు ఉంటే మామూలు. 0.6 నుంచి 1.5 దాకా కీటోన్లు మొదలైనట్టు. 1.5 దాటితే ప్రమాదం దగ్గరికి వచ్చినట్టు. 3 గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంట్లో వైద్యం ఆపి ఆసుపత్రికి బయల్దేరాలి.

ఎప్పుడు చూడాలన్నదానికి జవాబు ఒకటే: జ్వరం, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి ఏది ఉన్నా, షుగర్ ఎంతున్నా. షుగర్ 250 దాటితేనే కీటోన్లు చూడాలని చాలామంది గుర్తుపెట్టుకున్నారు. ఒంట్లో బాగున్న రోజు ఆ గీత సరిపోతుంది. జబ్బు రోజున షుగర్ 110 ఉండి కీటోన్లు 2 ఉండటం కూడా జరుగుతుంది. ఆరోగ్యం కుదుటపడేదాకా షుగర్, కీటోన్లు రెండూ రెండు నుంచి నాలుగు గంటలకోసారి చూడాలి. రాత్రి పూట కూడా. అలారం పెట్టుకుని అమ్మానాన్నలు వంతులేసుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు.

వేలికి సూది గుచ్చే ముందు చేతులు కడగాలి. ఈ చిన్న పని జబ్బు రోజున మరీ అవసరం. గ్లూకోజు పొడి కలిపిన గ్లాసు పట్టుకున్న వేళ్లు, అరటిపండు ఒలిచిన వేళ్లు, దగ్గు మందు కారిన వేళ్లు నిజంగా 140 ఉన్న షుగర్‌ను 300గా చూపించగలవు. నీళ్లతో కడిగి, పూర్తిగా తుడిచి, మొదటి చుక్క వదిలేసి రెండోదాన్ని పెట్టడం మంచిది. మీటరులో అంకెకు బదులు హెచ్ఐ అని వస్తే, చాలా మీటర్లలో అది 600 దాటిందని అర్థం, మీటరు చెడిపోయిందని కాదు.

ఎంత వేయాలి

అదనపు మోతాదుకు ఆధారం పిల్లాడు మామూలు రోజున వేసుకునే మొత్తం ఇన్సులిన్. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, పడుకునేముందు వేసేవన్నీ కలపాలి. 25 కిలోల, ఎనిమిదేళ్ల పిల్లాడికి రోజుకు మొత్తం 20 యూనిట్లు అనుకుందాం. అందులో పదో వంతు 2 యూనిట్లు.

ఆ పిల్లాడికి సాయంత్రం 102 జ్వరం, షుగర్ 320, రక్తంలో కీటోన్లు 1.7. రోజూ వేసే లాంగ్ ఇన్సులిన్ (రోజంతా నిదానంగా పనిచేసే పొడుగు మందు) తగ్గించకుండా వేయాలి. దానికి అదనంగా, కీటోన్లు 1.5కు పైన ఉన్నాయి కాబట్టి, రోజు మొత్తంలో 10 నుంచి 20 శాతం, అంటే 2 నుంచి 4 యూనిట్ల ర్యాపిడ్ (త్వరగా పనిచేసే ఇన్సులిన్) గానీ రెగ్యులర్ (దానికన్నా కాస్త నిదానమైన పొట్టి మందు) గానీ వేయాలి. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్లు 2 యూనిట్లతో మొదలుపెట్టి డాక్టరుకు ఫోన్ చేయడం క్షేమం. కీటోన్లు 0.6, 1.5 మధ్య ఉండి షుగర్ ఎక్కువుంటే 5 నుంచి 10 శాతం చాలు, అంటే 1 నుంచి 2 యూనిట్లు. రెండు గంటలకు మళ్లీ షుగర్, కీటోన్లు చూడాలి. తగ్గకపోతే ర్యాపిడ్‌ను రెండు మూడు గంటలకు మళ్లీ వేయొచ్చు. రెగ్యులర్ నిదానంగా ఎక్కి ఆరు గంటలకు పైగా పనిచేస్తుంది కాబట్టి నాలుగు గంటల ఎడం పాటించకపోతే ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. రెండు మోతాదులు పడినా కీటోన్లు దిగకపోతే మూడోదానికి ఇంట్లో ఎదురుచూడకూడదు.

ఈ లెక్క ప్రతి పిల్లాడికీ ఒకటే కాదు. చూస్తున్న డాక్టరు చేత, పిల్లాడు బాగున్నప్పుడే, ఒక కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంచాలి. బరువు పెరిగేకొద్దీ అంకెలు మారుతాయి, కాబట్టి ఆరు నెలలకోసారి ఆ కాగితం కొత్తగా రాయించాలి.

పొద్దునా సాయంత్రం 30/70 మిక్స్ వేసే పిల్లల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ప్రభుత్వాసుపత్రుల నుంచి మందు తీసుకునే ఇళ్లలో ఈ రకం చాలానే కనిపిస్తుంది. మిక్స్‌లో పొట్టి మందు, పొడుగు మందు కలిసే ఉంటాయి, ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని ఉంచడం కుదరదు. కీటోన్ల కోసం మిక్స్‌నే అదనంగా వేస్తే అందులోని పొడుగు భాగం గంటల తర్వాత, రాత్రి నిద్రలో, తన పని తాను చేసి షుగర్‌ను పడగొడుతుంది. అందుకే మిక్స్ వాడే ఇంట్లో ఒక రెగ్యులర్ సీసా విడిగా ఉండాలి. తేటగా ఉన్న సీసా అయితే చాలని తీయడం కూడా పొరపాటే. గ్లార్జిన్ కూడా తేటగానే ఉంటుంది, కానీ అది రోజంతా నిదానంగా పనిచేసే మందు, కీటోన్లను గబగబా దించడానికి పనికిరాదు. రంగు చూసి కాదు, పేరు చదివి తీయాలి.

ఇంకో తప్పు సిరంజితో జరుగుతుంది. మన దగ్గర ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది. సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్ కార్ట్రిడ్జుల్లో 100 యూనిట్లు. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. రోజూ పెన్‌తో వేసే ఇంట్లో రాత్రిపూట పెన్ మొరాయించిందనుకుందాం. కార్ట్రిడ్జులోంచి ఎర్ర మూత సిరంజితో 4 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 4 కాదు, 10 యూనిట్లు. తిరగేసి 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 10 గీత దాకా లాగితే వెళ్లేది 4 యూనిట్లే, పిల్లాడి కీటోన్లు ఎందుకు దిగడం లేదో ఎవరికీ అర్థం కాదు. జబ్బు రాత్రి సూది వేసేది రోజూ వేసే మనిషి కాకపోవచ్చు. పక్కింటి నర్సమ్మో, ఊరి నుంచి వచ్చిన మేనమామో కావచ్చు. ఏ మందుకు ఏ సిరంజి అన్నది రెండూ కలిపి ఒకే కవర్లో పెట్టి పైన రాసి ఉంచితే ఈ ప్రమాదం తప్పుతుంది.

షుగర్ తక్కువ, కీటోన్లు ఎక్కువ

వాంతులు, విరేచనాల రోజున కథ తిరగబడుతుంది. పేగుల్లోంచి చక్కెర సరిగా అందదు. షుగర్ 70, 80 దగ్గర తచ్చాడుతుంటుంది, కీటోన్లు మాత్రం పెరుగుతుంటాయి. ఇక్కడే ఇంట్లో అందరూ తికమకపడతారు. ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోతుంది, వేయకపోతే కీటోన్లు పెరుగుతాయి. దారి ఏమిటంటే ముందు చక్కెర లోపలికి వెళ్లాలి, ఆ చక్కెరను ఆధారం చేసుకుని ఇన్సులిన్ వేయాలి. షుగర్ 90 లోపు ఉన్నంతసేపు అదనపు ఇన్సులిన్ వద్దు. తీపి నీళ్లు పట్టిస్తూ షుగర్‌ను పైకి తేవాలి. 90 దాటాక కూడా కీటోన్లు తగ్గకపోతే తీపి ఆపకుండానే 5 శాతం దగ్గర నుంచి చిన్న మోతాదు, డాక్టరుతో మాట్లాడి వేయాలి. షుగర్ పదే పదే పడిపోతుంటే రోజూ వేసే మోతాదులనే 20 నుంచి 50 శాతం దాకా తగ్గించాల్సి రావచ్చు. తగ్గించడం వేరు, ఆపేయడం వేరు. లాంగ్ ఇన్సులిన్ సున్నా చేసే సందర్భం ఇంట్లో రాదు.

షుగర్ 70 కన్నా దిగితే కిలోకు 0.3 గ్రాముల లెక్కన చక్కెర ఇవ్వాలి. 25 కిలోలకు ఏడున్నర గ్రాములు, అంటే సుమారు ఒకటిన్నర చెంచా. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. నోట్లో పెట్టినదంతా వాంతి అయిపోతుంటే తేనె గానీ గ్లూకోజు పొడి తడిపి గానీ చిగుళ్లకు, బుగ్గ లోపలికి రాయవచ్చు. స్పృహ లేనప్పుడు మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు.

షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజక్షన్ సంపాదించి పెట్టుకున్న కొద్దిమందికి ఒక వెసులుబాటు ఉంది. పిల్లాడు స్పృహలోనే ఉండి, తిన్నది ఇమడక షుగర్ 70 దాటనప్పుడు గ్లూకగాన్‌ను చిన్న మోతాదులో వేసి నిలబెట్టవచ్చు. 1 మిల్లీగ్రామును 1 మిల్లీలీటరులో కలిపాక, నారింజ మూత 100 సిరంజితో ఏడాది వయసుకు ఒక యూనిట్ గీత చొప్పున, రెండేళ్లలోపు వారికి 2 గీతలు, ఎంత వయసైనా 15 గీతలు మించకుండా. ఎర్ర మూత సిరంజిలో గీత విలువే వేరు, ఈ లెక్క దానికి పనికిరాదు. ఇదీ డాక్టరు ముందుగా నేర్పి ఉంచాల్సిన సంగతే.

ఏం తాగించాలి

25 కిలోల పిల్లాడికి జబ్బు రోజున గంటకు 100 నుంచి 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్లాలి. గ్లాసుడు ఒకేసారి ఇస్తే బయటికి వచ్చేస్తుంది. మందు చెంచాతో, అంటే 5 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకోసారి ఇస్తే గంటకు 100 అవుతుంది, రెండు నిమిషాలకోసారి ఇస్తే 150. గోడ గడియారం ఎదురుగా కూర్చుని చెంచాతో పట్టే పని అమ్మమ్మలకు, నాయనమ్మలకు బాగా చేతనవుతుంది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి.

షుగర్ 180 లోపు ఉంటే తీపి ఉన్నవి: చక్కెర వేసిన నిమ్మరసం, గ్లూకోజు నీళ్లు, పండ్ల రసం. 250 దాటితే తీపి లేనివి: మంచినీళ్లు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, చారు తేట. నడుమ ఉంటే ఓఆర్ఎస్. ఓఆర్ఎస్‌లో గ్లూకోజు ఉంటుందని భయపడి మానేస్తారు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లీటరుకు 13.5 గ్రాములే, అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో 3 గ్రాముల లోపు. విరేచనాలు అవుతున్న పిల్లాడికి షుగర్ ఎంతున్నా ఉప్పు లవణాల కోసం అది పట్టించవచ్చు. ప్యాకెట్ మీద ఎన్ని మిల్లీలీటర్లకు అని ఉంటే సరిగ్గా అన్ని నీళ్లలోనే కలపాలి, సగం ప్యాకెట్ అరచేతి కొలతతో కలపడం వద్దు. ఓఆర్ఎస్ అన్న అక్షరాలు పేరులో పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాలు వేరు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. టైప్ వన్ పిల్లాడి విషయంలో ఈ తేడా షుగర్ మీటరులోనే కనిపించేది. పేరు ఏదైనా వెనక వైపు చక్కెర గ్రాములు చదివి కొనాలి.

కొబ్బరిబోండం మంచిదే, కానీ అందులో చక్కెర ఉంటుంది, పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాల్లో పోయే ఉప్పును అది భర్తీ చేయదు. చిటికెడు ఉప్పు వేసి, షుగర్ అదుపులో ఉన్నప్పుడు, తీపి నీళ్ల లెక్కలో జమ చేసి ఇవ్వాలి. గంజి, జావ కూడా పిండి పదార్థమే. తిండి ఇమడని పిల్లాడికి అవే భోజనం, వాటికీ ఇన్సులిన్ లెక్క ఉంటుంది. పిల్లాడు తింటాడో లేదో తెలియనప్పుడు భోజనం ముందు వేసే ర్యాపిడ్‌ను తిన్న వెంటనే, తిన్నంతకే వేయడం ఈ రోజుల్లో సరైన పద్ధతి.

మందుల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. యాంటిబయాటిక్ సిరప్‌లో చక్కెర ఉందని మానేయకూడదు, చెంచాలో ఉండే రెండు మూడు గ్రాముల కన్నా ఇన్‌ఫెక్షన్ చేసే చెరుపే పెద్దది. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు మించకుండా, రోజుకు నాలుగుసార్లు మించకుండా. వానాకాలం జ్వరమైతే డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్ వద్దు. పిల్లికూతలకు స్టెరాయిడ్ రాస్తే షుగర్ బాగా పెరుగుతుంది, ఇన్సులిన్ ఎంత పెంచాలో అప్పుడే అడగాలి. చేతికి షుగర్ చూపించే లిబ్రే సెన్సర్ పెట్టుకున్న పిల్లలకు విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా ఇస్తే షుగర్ లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. అనుమానం వస్తే వేలి రక్తాన్నే నమ్మాలి.

ఆటలమ్మ వచ్చిందని, అమ్మవారు పోసిందని సూదీ మందూ ముట్టకూడదనే ఆచారం కొన్ని ఇళ్లలో ఉంది. వేపాకులు కట్టుకోవచ్చు, పొక్కులు లేనిచోట సూది పడాల్సిందే.

సెలైన్ దగ్గర జరిగేది

వాంతులైతే వీధిలోని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి "ఒక సెలైన్ ఎక్కించండి, నీరసం పోతుంది" అనడం మన దగ్గర మామూలే. కీటోన్లు చూడకుండా గ్లూకోజు సెలైన్ ఎక్కించి, ఇన్సులిన్ వేయకుండా ఇంటికి పంపితే షుగర్ ఇంకా పెరిగి పిల్లాడు ఇంకా దిగజారతాడు. మామూలు సెలైన్ అయినా లెక్క లేకుండా గబగబా సీసాలు ఎక్కించేయడం పిల్లలకు క్షేమం కాదు. కీటోఎసిడోసిస్ వైద్యంలో మొదట ద్రవాలు, సుమారు గంట తర్వాత ఇన్సులిన్ నిదానంగా గంటకు కిలోకు 0.05 నుంచి 0.1 యూనిట్ చొప్పున, ఆపైన పొటాషియం కొలత చూస్తూ సాగుతుంది. ఇది రక్త పరీక్షలు, మానిటర్ ఉన్న చోట జరగాల్సిన పని.

గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వ సార్వజనిక ఆసుపత్రి రాత్రి పగలు అత్యవసర విభాగం నడిపే బోధనాసుపత్రులు. ఏ ఆసుపత్రికి వెళ్లినా లోపలికి అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట "వాంతులు" కాదు: "టైప్ వన్ పిల్లాడు, కీటోన్లు ఇంత". ఈ వరస మారితే కడుపు జబ్బుల వరుసలో కూర్చోబెడతారు. రాసుకున్న పుస్తకం, వాడే ఇన్సులిన్ సీసాలు, మీటరు వెంట ఉండాలి.

బయల్దేరాల్సిన గుర్తులు ఇవి: వాంతులు రెండు గంటలు దాటినా ఆగకపోవడం, కీటోన్లు 3 చేరడం లేదా మూత్రం స్ట్రిప్ వంకాయ రంగులోనే ఉండి పిల్లాడు నలతగా మారడం, ఊపిరి వేగం, కడుపునొప్పి తీవ్రం కావడం, మగతగా ఉండి మాటకు సరిగా పలకకపోవడం, షుగర్‌ను 70 పైన నిలపలేకపోవడం. ఐదేళ్ల లోపు పిల్లలకు ఇంతదాకా ఆగకూడదు, వాళ్లు తొందరగా దిగజారతారు. కృష్ణా నది లంక గ్రామాల నుంచో, పల్నాడు వైపు పల్లెల నుంచో రావాల్సిన వాళ్లు ప్రయాణం సమయం కలుపుకుని ఒక మెట్టు ముందే కదలాలి. బండి దొరక్కపోతే 108.

మందే చెడిపోతే

లెక్క ప్రకారం వేసినా షుగర్, కీటోన్లు దిగకపోతే మందును అనుమానించాలి. తెరిచిన సీసా 30 డిగ్రీల లోపు అయితే నెల దాకా నిలుస్తుంది. మే నెలలో బెజవాడ ఇంటి లోపలి గదే అంతకన్నా వేడి. స్కూటర్ డిక్కీలో పెట్టి గుంటూరు నుంచి తెచ్చిన సీసా, కిటికీ పక్కన మరిచిపోయిన పెన్, ఐస్‌కు ఆనించి గడ్డకట్టించిన సీసా చాలాసార్లు బయటికి బాగానే కనిపిస్తాయి. జబ్బు రోజున అనుమానం వస్తే కొత్త సీసా తెరవాలి. ఇన్సులిన్ పంపు వాడే పిల్లల్లో గొట్టం మూసుకుపోవడం కూడా ఇలాగే ఉంటుంది. వాళ్లకు ఒంట్లో పొడుగు మందు నిల్వ ఉండదు కాబట్టి మూడు నాలుగు గంటల్లోనే కీటోన్లు లేస్తాయి. అప్పుడు దిద్దుబాటు మోతాదును పంపుతో కాక సిరంజితో వేసి, గొట్టం మార్చాలి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు, కింది అంతస్తులు మునిగాయి. అలాంటప్పుడు తడి ఇసుక నింపిన పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, అందులో నీరు తగలని కవర్లో సీసా ఉంచితే కొంత చల్లగా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువున్న వానరోజుల్లో కుండ అంతగా చల్లబరచదు, అయినా గది వేడి కన్నా నయమే. రెండు వారాలకు సరిపడా ఇన్సులిన్, సిరంజిలు, స్ట్రిప్‌లు, ఓఆర్ఎస్, గ్లూకోజు పొడి, థర్మామీటరు, మీటరు బ్యాటరీ ఒక డబ్బాలో వేసి, నేల మీద కాకుండా అటక మీద ఉంచాలి.

జ్వరం దిగాక

ఒంట్లో ఇన్‌ఫెక్షన్ తగ్గినా ఇన్సులిన్‌కు ఎదురుతిరిగే గుణం రెండు మూడు రోజులు మిగిలి ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పోతుంది. పెంచిన మోతాదులను అలాగే కొనసాగిస్తే ఆ రాత్రి తెల్లవారుజామున షుగర్ పడిపోతుంది. అందుకే జ్వరం తగ్గిన రోజు నుంచి మూడు రాత్రులు రెండు, మూడు గంటల మధ్య ఒకసారి వేలు గుచ్చి చూడాలి. ఉదయం అంకె వరుసగా 100 లోపుకు వస్తుంటే పాత మోతాదుకు దిగాలి. కీటోన్లు 0.6 లోపు రెండుసార్లు వరుసగా వచ్చి, పిల్లాడు పూట భోజనం నిలుపుకున్నాకే బడికి పంపాలి. పుస్తకంలో ఆ రోజుల పేజీలు చింపేయకూడదు. టైము, షుగర్, కీటోన్, వేసిన యూనిట్లు, తాగిన నీళ్లు, పోసిన మూత్రం అని ఆరు గడులు గీసి రాసిన ఆ పేజీలే, వచ్చే జ్వరానికి డాక్టరు కొత్త కాగితం రాసేటప్పుడు ముందు పెట్టుకునేవి.